సూదిమందు కండలు ఎంతవరకు భద్రం?

స్టెరాయిడ్లతో కండలు పెరుగుతాయా అంటే, పెరుగుతాయి. ఈ మాట ముందే ఒప్పుకుని మొదలుపెట్టాలి. ఒకప్పుడు వైద్యలోకం ఒప్పుకోకపోవడం వల్లే చాలా నష్టం జరిగింది. 1958లో సీబా కంపెనీ డయానబాల్ అనే మాత్రను అమెరికాలో అమ్మకానికి తెచ్చింది. అది మింగిన తోటివాడి భుజాలు ఎలా మారిపోతున్నాయో బరువులెత్తేవాళ్లు, బాడీబిల్డర్లు ఏళ్ల తరబడి కళ్లారా చూశారు. అయినా 1977లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్, ఈ మందులతో కండ గానీ బలం గానీ పెరుగుతుందనడానికి గట్టి ఆధారం లేదని ప్రకటించింది. డాక్టర్లకు ఏమీ తెలియదని ఆటగాళ్లు తేల్చేసుకున్నారు. తర్వాత అదే డాక్టర్లు గుండె గురించి, కాలేయం గురించి హెచ్చరిస్తే చెవిన పెట్టినవాళ్లు తక్కువ.

అసలు సంగతి తేలడానికి 1996 దాకా పట్టింది. షలీందర్ భసీన్ బృందం అమెరికాలో 43 మంది ఆరోగ్యవంతులైన మగవాళ్లను నాలుగు గుంపులు చేసింది. రెండు గుంపులకు వారానికి 600 మిల్లీగ్రాముల టెస్టోస్టిరాన్ ఎనాంథేట్, మిగతా రెండింటికి మందులేని ఉత్తుత్తి ఇంజెక్షన్. ఒక్కో జతలో ఒక గుంపు వారానికి మూడు రోజులు బరువులెత్తింది, ఇంకొకటి ఏ వ్యాయామమూ చేయలేదు. అందరికీ శరీర బరువును బట్టి లెక్కగట్టిన ఒకే రకం తిండి, కిలోకు ఒకటిన్నర గ్రాముల ప్రోటీన్. పది వారాల తర్వాత కొవ్వును మినహాయించి తూచారు. మందు లేకుండా కష్టపడి వ్యాయామం చేసినవాళ్లు దాదాపు రెండు కిలోలు పెరిగారు. ఏ కసరత్తూ చేయకుండా ఇంజెక్షన్ మాత్రం తీసుకున్నవాళ్లు మూడు కిలోల పైచిలుకు పెరిగారు. రెండూ చేసినవాళ్లు ఆరు కిలోలు పెరిగారు.

కష్టపడ్డవాడికన్నా కూర్చున్నవాడికే ఎక్కువ కండ వచ్చిందన్న ఈ ఫలితం చూస్తే, ఇరవై ఏళ్ల కుర్రాడికి ఆశ పుట్టడంలో వింత లేదు. పైగా ఆ పది వారాల్లో ఎవరికీ పెద్ద ప్రమాదం జరగలేదు, కోపతాపాల్లో తేడా కూడా కనబడలేదు. "చూడు, సైన్సే సేఫ్ అంటోంది" అని వాదించేవాళ్లు ఈ అధ్యయనాన్నే చూపిస్తారు. అందులో ఉన్న షరతులను మాత్రం చెప్పరు. ముందుగా పరీక్షలు చేసి ఎంచుకున్న మనుషులు, ఫార్మా కంపెనీ తయారుచేసిన అసలు మందు, ఒకే ఒక్క రకం, లెక్క ప్రకారం మోతాదు, పది వారాలకు ఆపేయడం. జిమ్‌లో జరిగే వాడకంలో వీటిలో ఒక్కటి కూడా ఉండదు.

మోతాదు సంగతి చూద్దాం. సస్టనాన్ 250 అనే ఆంప్యూల్ ఈ లోకంలో బాగా పేరున్నది. ఒక మిల్లీలీటరు లేత పసుపు నూనె. ఆ నూనె మన పొలాల్లో పండే వేరుశనగదే. అందులో టెస్టోస్టిరాన్‌ను నాలుగు రకాల ఎస్టర్ల రూపంలో కలుపుతారు: ప్రొపియోనేట్ 30, ఫినైల్‌ప్రొపియోనేట్ 60, ఐసోకాప్రొయేట్ 60, డెకనోయేట్ 100 మిల్లీగ్రాములు. పిరుదు కండలోకి ఎక్కించిన నూనె అక్కడే చిన్న నిల్వలా ఉండిపోతుంది. ప్రొపియోనేట్ ముందుగా రక్తంలోకి జారుకుంటుంది, డెకనోయేట్ అన్నిటికన్నా ఆలస్యంగా. అందుకే వృషణాలు సరిగా పనిచేయని రోగికి మూడు వారాలకు ఒక ఆంప్యూల్ సరిపోతుంది. ఆరోగ్యంగా ఉన్న మగవాడి శరీరం రోజుకు సుమారు అయిదారు మిల్లీగ్రాముల టెస్టోస్టిరాన్ తయారుచేసుకుంటుంది. కండల కోసం వాడేవాళ్లు అదే ఆంప్యూల్‌ను వారానికి రెండు మూడు ఎక్కించుకుని, దాని మీద డెకా అనే నాండ్రలోన్ ఇంజెక్షన్, ఆపైన మాత్రలు కలుపుతారు. శరీరం ఎన్నడూ ఎరగని మోతాదులవి.

బయటి నుంచి ఇంత హార్మోన్ వచ్చిపడితే లోపల ఏం జరుగుతుంది? మెదడు అడుగున ఉండే హైపోథాలమస్ రక్తంలో టెస్టోస్టిరాన్ ఎంతుందో ఎప్పటికప్పుడు చూసుకుంటూ ఉంటుంది. తగ్గితే పిట్యూటరీ గ్రంథిని కదిలిస్తుంది, అది ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ అనే రెండు హార్మోన్లను పంపి వృషణాల చేత పని చేయిస్తుంది. రక్తం నిండా హార్మోన్ ఉందని తెలియగానే ఈ వరుస మొత్తం ఆగిపోతుంది. పనిలేని వృషణాలు చిన్నవవుతాయి. వీర్యకణాల తయారీ పడిపోతుంది. దీన్ని చాలామంది సైడ్ ఎఫెక్ట్ అనుకుంటారు, ఎవరికో దురదృష్టవంతుడికి వచ్చేదని. నిజానికి మందు సరిగ్గా పనిచేస్తోందనడానికి ఇదే గుర్తు. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్నే మగవాళ్ల గర్భనిరోధక పద్ధతిగా పరీక్షించి 1990లో ఫలితాలు వెల్లడించింది. 271 మందికి వారానికి 200 మిల్లీగ్రాముల టెస్టోస్టిరాన్ ఇస్తే, ఆరు నెలల్లో 157 మంది వీర్యంలో ఒక్క కణం కూడా మిగల్లేదు. ఆ తర్వాత ఏడాదిపాటు వేరే ఏ జాగ్రత్తా లేకుండా ఈ పద్ధతి మీదే ఆధారపడ్డ జంటల్లో ఒక్క గర్భమే వచ్చింది. వారానికి 200 అంటే జిమ్‌లో "బిగినర్ డోస్" అని పిలిచేదానికన్నా తక్కువ.

"ఎనిమిది వారాల సైకిల్ చాలు తమ్ముడూ, తర్వాత పీసీటీ చేస్తే అంతా మామూలైపోతుంది" అని ధైర్యం చెప్పే ట్రైనర్లున్నారు. కొన్ని వారాలు మందు వాడి ఆపడమే సైకిల్, ఆపాక సొంత హార్మోన్‌ను తిరిగి లేపడానికి వాడే మందులే పీసీటీ. చాలామందికి కొంతకాలానికి మామూలవుతుంది కూడా. నెదర్లాండ్స్‌లో హార్లెమ్ అనే పేరుతో జరిగిన అధ్యయనం దీన్ని దగ్గరగా చూసింది. డాక్టర్లు ఎవరికీ మందు ఇవ్వలేదు. తమంతట తాము సైకిల్ మొదలుపెట్టబోతున్న 100 మంది మగవాళ్లను వెంబడించి ముందు, మధ్యలో, తర్వాత పరీక్షలు చేశారు. సైకిల్ ముగిసిన మూడు నెలలకు ప్రతి అయిదుగురిలో ఒకరికి టెస్టోస్టిరాన్ ఇంకా మామూలు స్థాయికి రాలేదు. ఈ మధ్యకాలమే అసలైన ఉచ్చు. బయటి మందు ఆగిపోయింది, లోపలి తయారీ ఇంకా మొదలవలేదు. ఒంట్లో సత్తువ ఉండదు, కోరికలు చచ్చిపోతాయి, నిద్ర పట్టదు, దిగులు ముంచేస్తుంది. వచ్చిన కండ కళ్లముందే కరుగుతూ ఉంటుంది. అద్దంలో ఆ తరుగుదల చూసుకోలేక మళ్లీ సూది పట్టేవాళ్లు ఎందరో. సైకిళ్ల మధ్య విరామం తగ్గుతూ తగ్గుతూ చివరికి ఆపకుండా వాడటం మొదలవుతుంది. భసీన్ బృందం చూసింది పది వారాలైతే, వీళ్లు వాడేది పదేళ్లు.

ఆ పదేళ్ల లెక్క గుండె దగ్గర తేలుతుంది. 2017లో ఆరన్ బ్యాగిష్ బృందం, బరువులెత్తే 140 మంది మధ్యవయస్కుల గుండెలను ఎకో పరీక్షతో చూసింది. వాళ్లలో 86 మంది కనీసం రెండేళ్లు స్టెరాయిడ్లు వాడినవాళ్లు, 54 మంది అసలు ముట్టనివాళ్లు. గుండె ఎడమ జఠరిక ఒక్కసారి ముడుచుకుంటే అందులోని రక్తంలో ఎంత భాగం బయటికి వెళ్తుందన్నదే ఈఎఫ్. మందు ముట్టనివాళ్లలో అది సగటున 63 శాతం, వాడినవాళ్లలో 52. పరీక్ష నాటికి ఇంకా వాడుతున్నవాళ్లలో 49. ఆపేసినవాళ్లలో 58, అంటే కొంత కోలుకుంది. కానీ కొట్టుకున్న తర్వాత గుండె కండ వదులై రక్తంతో నిండే శక్తి మాత్రం ఆపినవాళ్లలో కూడా పూర్తిగా తిరిగి రాలేదు. ఎంతకాలం వాడితే అంతగా గుండె రక్తనాళాల్లో కొవ్వు పేరుకుంది. ఈ మనుషుల్ని బయట చూస్తే ఆరోగ్యానికి బొమ్మ గీసినట్టు ఉంటారు. ఎకో తీయించుకోవాలన్న ఆలోచన వాళ్లకు గానీ ఇంట్లోవాళ్లకు గానీ ఎందుకు వస్తుంది?

డెన్మార్క్‌లో జిమ్‌లకు వచ్చేవాళ్లకు కూడా డోపింగ్ పరీక్షలు చేస్తారు. అలా దొరికిపోయిన 545 మంది వివరాలను, అదే వయసున్న 5,450 మంది మామూలు మగవాళ్ల వివరాలతో పోల్చి 2019లో ప్రచురించారు. దొరికినవాళ్లలో మరణాలు మూడు రెట్లు. స్టెరాయిడ్లు వాడేవాళ్లు ఇతర మత్తుపదార్థాలు, తెగింపు పనుల జోలికి కూడా ఎక్కువగా పోతారు కాబట్టి మొత్తం నేరం మందుదే అనలేం. గుండె ఫలితాలతో కలిపి చూస్తే మాత్రం దీన్ని తేలిగ్గా కొట్టిపారేయడం కుదరదు.

కండను పెంచే గుణాన్ని ఉంచి, మిగతాదంతా తీసేసిన మందు తయారుచేయలేమా? రసాయన శాస్త్రవేత్తలు 1950ల నుంచీ ఇదే పని మీద ఉన్నారు. నాండ్రలోన్, స్టానోజొలోల్, ఆక్సాండ్రలోన్ అన్నీ ఆ ప్రయత్నంలో పుట్టినవే. పూర్తిగా ఎవరికీ సాధ్యం కాలేదు. కారణం కణంలోనే ఉంది. టెస్టోస్టిరాన్ కండకణంలోకి వెళ్లి ఆండ్రోజన్ రిసెప్టార్ అనే ప్రోటీన్‌కు అతుక్కుంటుంది, ఆ రెండూ కలిసి కేంద్రకంలోకి పోయి ప్రోటీన్లు తయారుచేసే జన్యువులను లేపుతాయి. అదే రిసెప్టార్ గుండె కండలో ఉంది, చర్మంలోని నూనె గ్రంథుల్లో ఉంది, నెత్తి మీది వెంట్రుకల కుదుళ్లలో ఉంది, స్వరపేటికలో ఉంది. చేతి కండను మాత్రమే పెంచి గుండెను వదిలేయమని మందుకు చెప్పే దారి లేదు. మొటిమలు, బట్టతల, గుండె గోడలు దళసరెక్కడం అన్నీ ఒకే తాళంచెవి తెరిచే తలుపులు.

సూదికి భయపడి మాత్రలు ఎంచుకునేవాళ్లకు ఇంకో ముప్పు. మాత్రగా మింగినా కాలేయంలో విరిగిపోకుండా ఉండేందుకు అణువులో చిన్న మార్పు చేస్తారు. ఆ మార్పే కాలేయానికి భారం. కామెర్లు, రక్తంతో నిండిన తిత్తులు, గడ్డలు దాని ఫలితాలే. మంచి కొలెస్ట్రాల్ (హెచ్‌డీఎల్) సంగతి చెప్పనక్కర్లేదు. 1989లో వచ్చిన ఒక పోలికలో, రోజుకు ఆరు మిల్లీగ్రాముల స్టానోజొలోల్ మాత్ర హెచ్‌డీఎల్‌ను 33 శాతం తగ్గిస్తే, టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్ 9 శాతమే తగ్గించింది.

ఆడవాళ్ల విషయంలో నష్టం త్వరగా వస్తుంది, వెనక్కి పోదు. తూర్పు జర్మనీ ప్రభుత్వం 1970, 80ల్లో తన క్రీడాకారిణులకు, వాళ్లలో చాలామంది చిన్నపిల్లలు, విటమిన్లని చెప్పి ఓరల్ ట్యూరినబాల్ అనే నీలి మాత్రలు మింగించింది. గొంతు బొంగురుపోయింది, ఒంటి మీద వెంట్రుకలు మొలిచాయి. 2000లో బెర్లిన్ కోర్టు ఆ పథకం నడిపిన క్రీడాధికారి మాన్‌ఫ్రెడ్ ఎవాల్డ్‌ను, డాక్టర్ మాన్‌ఫ్రెడ్ హోప్నర్‌ను దోషులుగా తేల్చింది. పదహారు పదిహేడేళ్ల అబ్బాయిలకు ఉన్న ముప్పు వేరు: ఎముకల చివర ఎదుగుదల పొరలు ముందే మూసుకుపోయి, రావాల్సిన ఎత్తు అక్కడే ఆగిపోతుంది.

వైద్యంలో ఈ మందుల అవసరం నిజమే. వృషణాలు పనిచేయనివాళ్లకు టెస్టోస్టిరాన్ కావాలి, ఎయిడ్స్‌లో చిక్కిపోయేవాళ్లకు ఇచ్చారు. ట్రావర్స్ అనే పెద్ద అధ్యయనం 2023లో వెలువడింది. హార్మోన్ తగ్గి, గుండెజబ్బు ముప్పున్న అయిదు వేల మందికి పైగా మగవాళ్లలో, లోటు పూడ్చేంతవరకే జెల్ వాడితే గుండెపోట్లు, పక్షవాతాలు పెరగలేదు. అలాంటి వాడకంలో కూడా గుండె లయ తప్పడం, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టడం కొంత ఎక్కువగానే కనబడ్డాయి. రక్తపరీక్షలు చేస్తూ, కొలతతో, లోటు మేరకు ఇచ్చినప్పటి మాట అది.

మన దగ్గర పరిస్థితి ఇంకా అధ్వానం. టెస్టోస్టిరాన్, నాండ్రలోన్ డాక్టర్ చీటీ మీదే అమ్మాల్సిన మందులు. అయినా జిమ్‌లో ట్రైనరే డాక్టరు, ట్రైనరే మందుల షాపు. హైదరాబాద్‌లో పోలీసులు పలుమార్లు పట్టుకున్న మెఫెంటర్మిన్ అసలు స్టెరాయిడే కాదు. ఆపరేషన్ థియేటర్‌లో మత్తిచ్చాక పడిపోయిన బీపీని లేపడానికి మత్తుడాక్టర్లు వాడే ఇంజెక్షన్ అది. కసరత్తుకు ముందు హుషారు కోసం దాన్ని ఎక్కించుకుని, ఆ మీద బరువులెత్తే కుర్రాళ్లున్నారు. దొంగదారిన వచ్చే స్టెరాయిడ్ సీసాల మాటా అంతే. వివిధ దేశాల్లో పట్టుబడ్డ సరుకును పరీక్షించిన నివేదికలన్నీ కలిపి చూస్తే, మూడింట ఒక వంతులో లేబుల్ మీద రాసిన మందే లేదు. లోపల ఏముందో తెలియనిదానికి సురక్షిత మోతాదు ఎవరు చెప్పగలరు? కాబట్టి నా జవాబు సూటిగానే చెబుతాను: ఆరోగ్యంగా ఉన్న మనిషి కండల కోసం స్టెరాయిడ్లను భద్రంగా వాడే పద్ధతి లేదు. ఎక్కువ ప్రమాదం, కాస్త తక్కువ ప్రమాదం, అంతే తేడా.

ఇప్పటికే వాడుతున్నవాళ్లను తిట్టి లాభం లేదు. తిడతారన్న భయంతోనే వాళ్లు డాక్టర్ దగ్గర నిజం దాస్తారు. ఒకరి సూది ఒకరు వాడకూడదు, ఒకే సీసాలోంచి అందరూ తీసుకోకూడదు. హెపటైటిస్, హెచ్‌ఐవీ అలాగే అంటుకుంటాయి. బీపీ, లిపిడ్ ప్రొఫైల్, కాలేయ పరీక్షలు, హెమటోక్రిట్ చూపించుకోవాలి. ఎర్రకణాలు పెరిగి రక్తం చిక్కబడితే గడ్డకట్టే ముప్పు ఎక్కువ. ఏళ్ల తరబడి వాడినవాళ్లకు ఎకో తప్పనిసరి. ఆపాలనుకున్నవాళ్లు ఎండోక్రైనాలజిస్ట్‌ను కలిసి ఆపాలి. ఆపాక మనసు బాగా కుంగితే, చచ్చిపోవాలనిపిస్తే, అది హార్మోన్ పడిపోవడం వల్ల వచ్చే స్థితి అని ఇంట్లోవాళ్లకు తెలియాలి, వెంటనే వైద్యం చేయించాలి.

పెళ్లయి పిల్లలు పుట్టక సంతాన సాఫల్య కేంద్రానికి వెళ్లే మగవాళ్లలో పాత స్టెరాయిడ్ వాడకాన్ని బయటపెట్టనివాళ్లుంటారు. పరీక్షల భారమంతా భార్య మీద పడుతుంది. వాడిన సంగతి చెబితే డాక్టర్ ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ చూసి, నిద్రపోయిన పిట్యూటరీని లేపే మందులో, ఎల్‌హెచ్‌లా పనిచేసే హెచ్‌సీజీ ఇంజెక్షన్లో ఇచ్చి చూస్తారు. చాలామందిలో నెలల్లో, కొందరిలో ఏడాది రెండేళ్లకు వీర్యకణాలు తిరిగొస్తాయి. చెప్పకుండా, రిపోర్టులో టెస్టోస్టిరాన్ తక్కువగా ఉందని మళ్లీ అదే ఇంజెక్షన్ వేయించుకుంటే, మిగిలి ఉన్న కాసిని కణాలు కూడా పోతాయి.