లెపర్డ్ గెక్కోతో పిల్లలు చేయించే ముందు: జగ్గయ్యపేట, నందిగామ ఎండల్లో తెలుసుకోవాల్సినవి

ఫోన్‌లో వీడియోలు చూసి పిల్లలు లెపర్డ్ గెక్కో కావాలని అడగడం ఇప్పుడు చిన్న ఊళ్లలోనూ మామూలైంది. పసుపు ఒంటి మీద నల్ల మచ్చలు, లావుపాటి తోక, నవ్వుతున్నట్టుండే మూతి. ఒకటి ఇంటికి వచ్చాక కొన్నాళ్లకు ఇంకో మాట మొదలవుతుంది: "ఇంకోటి తెచ్చి జోడీ చేస్తే పిల్లల్ని అమ్ముకోవచ్చు కదా అబ్బా?" ఈ వ్యాసం ఆ రెండో మాట గురించి.

ఇది మన గోడ మీద బల్లి కాదు

దీని శాస్త్రీయ నామం యూబ్లెఫారిస్ మాక్యులేరియస్. 1854లో ఎడ్వర్డ్ బ్లిత్ దీన్ని మొదట వర్ణించాడు. అఫ్గానిస్తాన్, పాకిస్తాన్, వాయవ్య భారతదేశంలోని రాతి నేలలు దీని సొంత ప్రాంతం. మన ఇంటి బల్లికి కనురెప్పలు ఉండవు, దీనికి ఉంటాయి. వేళ్లకు అంటుకునే మెత్తలు లేవు కాబట్టి గోడలెక్కదు. కొవ్వును తోకలో దాచుకుంటుంది. విషం ఉండదు. ఉత్తరాదిలో ఈ జాతి బల్లుల్ని 'బిస్‌ఖోప్రా' అని పిలిచి, కరిస్తే చస్తామని భయపడతారు. అది వట్టి అపోహ. బాగా చూసుకుంటే 15 నుంచి 20 ఏళ్లు బతుకుతుంది. అంటే ఈరోజు ఐదో తరగతి చదివే పిల్లాడికి పెళ్లయ్యే నాటికీ ఇది మీ ఇంట్లోనే ఉండొచ్చు.

ఇంట్లో పెద్దవాళ్లు 'వజగ్' గురించిన హదీసు గుర్తు చేసి అభ్యంతరం చెబితే తోసిపుచ్చకండి. ఆ మసలా మీ ఆలిమ్‌ను అడిగి, కొనక ముందే తేల్చుకోండి. తెచ్చాక మాత్రం అది మన చేతిలో అమానత్. పిల్లిని కట్టేసి, తిండి పెట్టక, తానే వెతుక్కుని తినేలా వదలక చంపిన స్త్రీ శిక్షకు గురైందన్న హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉంది. గాజు పెట్టెలో ఉన్న జీవి కూడా తన తిండి తాను వెతుక్కోలేదు.

ముందు లెక్క చూసుకోండి

ఆడ గెక్కో ఒక్కో విడతకు సాధారణంగా రెండు గుడ్లు పెడుతుంది. రెండు, నాలుగు వారాల తేడాతో మళ్లీ పెడుతుంది. ఒక్కసారి జతకట్టినా మగదాని వీర్యాన్ని ఒంట్లో నిలవ ఉంచుకుని, ఆ సీజన్‌లో నాలుగైదు విడతలు పెట్టగలదు. అంటే ఒక్క జోడీతో ఏడాదికి ఎనిమిది, పది పిల్లలు. పెద్దయ్యాక రెండు మగవాటిని ఒకే పెట్టెలో ఉంచితే కొట్టుకుని చస్తాయి. పిల్లలకూ దేనికది విడిగా డబ్బా కావాలి.

ఆ పదింటినీ ఎవరు తీసుకుంటారు? జగ్గయ్యపేటలోనో నందిగామలోనో బాధ్యతగా పెంచే పది ఇళ్లు మీకు ముందే తెలుసా? జబ్బు చేస్తే చూపించేదెక్కడ? మన ఊరి పశువుల ఆస్పత్రుల్లో గేదెలు, మేకలు, కోళ్లు చూసిన అనుభవమే ఎక్కువ. సరీసృపాల్ని చూసే డాక్టరు కోసం 65వ నంబర్ జాతీయ రహదారి పట్టుకుని విజయవాడకో హైదరాబాద్‌కో పోవాల్సి రావచ్చు. ఆ డాక్టరెవరో కనుక్కున్నాకే జోడీ సంగతి ఆలోచించండి.

అసలు సమస్య మన ఎండ

ఇంటర్నెట్‌లో దొరికే సలహాలు ఎక్కువగా చలి దేశాల వాళ్లు రాసినవి. వాళ్లకు వేడి పుట్టించడం సమస్య. మన మెట్ట ప్రాంతంలో వేడి తగ్గించడం సమస్య. ఏప్రిల్, మే నెలల్లో నందిగామ వైపు పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం మామూలే.

పెద్ద గెక్కోకి పెట్టెలో ఒక పక్క నేల 31 నుంచి 33 డిగ్రీలు, రెండో పక్క 25 డిగ్రీల చుట్టూ ఉండాలి. రేకుల ఇంట్లో మే నెల మధ్యాహ్నం ఆ చల్లని పక్క అనేదే మిగలదు.

గుడ్ల సంగతి ఇంకా సున్నితం. ఈ జాతిలో ఆడా మగా అనేది పొదిగే ఉష్ణోగ్రతను బట్టి తేలుతుంది. 26 నుంచి 28 డిగ్రీల మధ్య ఎక్కువగా ఆడవి, 32 దాటి 33 లోపు ఎక్కువగా మగవి పుడతాయి. 34 దగ్గర మళ్లీ ఆడవే ఎక్కువ. 35 పైన గుడ్లు చనిపోవడం, పిల్లలు అవిటిగా పుట్టడం జరుగుతుంది. జతకట్టే కాలం చలి తగ్గగానే మొదలవుతుంది కాబట్టి, గుడ్లు సరిగ్గా మన ఎండలు ముదిరే నెలల్లోనే వస్తాయి. వీర్యం నిలవ ఉంటుంది కాబట్టి జనవరిలో కలిపి, ఫిబ్రవరిలో మగదాన్ని విడదీసినా ఏప్రిల్‌లో గుడ్లు ఆగవు.

మామూలు ఇంక్యుబేటర్ వేడి చేస్తుందే గానీ చల్లబరచదు. గది 38 ఉంటే లోపల 28 ఎలా వస్తుంది? చల్లబరిచే ఇంక్యుబేటర్ కావాలి, లేదా ఏసీ గది కావాలి. కరెంటు పోతే ఆదుకునే ఇన్వర్టర్ కూడా ఉండాలి. ఇవి లేకపోతే పొదిగించే ఆలోచన మానుకోవడమే మంచిది. ఉన్నవాళ్లు తడి వర్మిక్యులైట్‌లో గుడ్లను సగం లోతు వరకు ఉంచాలి. పై భాగం మీద పెన్సిల్‌తో గుర్తు పెట్టి, దొర్లకుండా చూడాలి. కోడిగుడ్డులా తిప్పితే లోపలి పిండం చచ్చిపోతుంది. వేడిని బట్టి నెలన్నర నుంచి రెండు నెలలకు పిల్లలు వస్తాయి.

పొదిగించకూడదనుకుంటే గుడ్లు పెట్టిన రోజే తీసి ఫ్రీజర్‌లో పెట్టేయండి. మగది లేకపోయినా కొన్ని ఆడవి ఉత్త గుడ్లు పెడతాయి, కంగారుపడొద్దు.

ఏ జోడీని కలపకూడదు

ఆడదానికి కనీసం ఏడాదిన్నర వయసు, 45 నుంచి 50 గ్రాముల బరువు, నిండు తోక ఉండాలి. ప్రతి విడత గుడ్లకూ దాని ఎముకల్లోని కాల్షియం ఖర్చవుతుంది. పురుగులకు డీ3 కలిసిన కాల్షియం పొడి అద్ది పెట్టకపోతే కాళ్లు వంకరపోతాయి, గుడ్డు లోపలే అడ్డం పడుతుంది. తోడబుట్టిన వాటిని కలపకండి.

రంగుల మోజులో జబ్బు కొనొద్దు. 'ఎనిగ్మా' రకం పిల్లలకు నరాల జబ్బు వస్తుంది: తల వాల్చి గుండ్రంగా తిరుగుతాయి, పురుగు మీదికి గురి తప్పుతాయి. 'లెమన్ ఫ్రాస్ట్' రకంలో తెల్లని చర్మపు గడ్డలు క్యాన్సర్‌గా మారతాయి. ఆ రంగుకు, గడ్డలకు మూలం ఒకే జన్యువు దగ్గరుందని 2021లో శాస్త్రవేత్తలు ప్రచురించారు. ఆ రంగును వేరుచేసి జబ్బును వదిలించుకోలేం. ఈ రెండు రకాల్నీ ఎంత తక్కువకు వచ్చినా పెంపకానికి వాడకూడదు.

తిండి విషయంలో మన ప్రాంతానికి ప్రత్యేకంగా ఒక జాగ్రత్త. మనది మిర్చి, పత్తి పండించే నేల. చేలల్లో, గట్ల మీద పట్టిన మిడతలకు పురుగుమందు అంటి ఉంటుంది. అవి తింటే గెక్కో చస్తుంది. ఇంట్లో పెంచిన చిమ్మటలు, మీల్ వార్మ్‌లే పెట్టండి.

చట్టం, అమ్మకం, శుభ్రత

వన్యప్రాణి చట్టానికి 2022లో చేసిన సవరణ ప్రకారం, నాలుగో షెడ్యూల్‌లో ఉన్న విదేశీ జీవుల్ని పెంచేవాళ్లు ప్రభుత్వానికి తెలపాలి. 2024 ఫిబ్రవరిలో వచ్చిన నిబంధనల ప్రకారం 'పరివేష్' పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి. పుట్టినవీ, చచ్చినవీ, చేతులు మారినవీ అందులో చెప్పాలి. ఏ సరీసృపం కొన్నా శాస్త్రీయ నామం రాసిన బిల్లు అడిగి తీసుకోండి, ఆ పేరు షెడ్యూళ్లలో ఉందో లేదో అటవీ శాఖ కార్యాలయంలో సరిచూసుకోండి. 2018 నాటి నిబంధనల ప్రకారం పెంపుడు జంతువుల దుకాణానికి రాష్ట్ర జంతు సంక్షేమ మండలి రిజిస్ట్రేషన్ ఉండాలి.

కొండల్లోంచి పట్టుకొచ్చామని ఎవరైనా అమ్మచూపితే కొనొద్దు. మన తూర్పు కనుమల్లో సొంత చిరుత బల్లి ఉంది. ఆంధ్ర, ఒడిశాల్లో ఉండే ఆ జాతికి 2022లోనే యూబ్లెఫారిస్ పిక్టస్ అని పేరు పెట్టారు. దాని చోటు కొండే. అలాగే పెంచలేక ఇంట్లో గెక్కోని గుట్ట మీద వదిలేయడమూ తప్పే. అది ఎండకో కుక్కకో బలవుతుంది, లేదా తన జబ్బును అక్కడి జీవులకు అంటిస్తుంది.

అమ్మేటప్పుడు తల్లిదండ్రుల రకం, వయసు, పొదిగిన ఉష్ణోగ్రత, ఉన్న లోపం అన్నీ కాగితం మీద రాసివ్వండి. ధాన్యపు కుప్పలో చేయి పెట్టి, లోపలి తడిని కనిపెట్టి, మోసం చేసే వ్యాపారిని దైవప్రవక్త (స) హెచ్చరించిన సంగతి మనందరికీ తెలిసిందే. గెక్కో పిల్లలో జబ్బు కూడా అలాంటి లోపలి తడే. కనీసం నెల వయసొచ్చి, తనంతట తాను తిని, తోక నిండాకే పిల్లను ఇవ్వండి.

ఇంట్లోవాళ్ల ఆరోగ్యం కూడా ముఖ్యం. ఆరోగ్యంగా కనిపించే గెక్కోలోనూ సాల్మొనెల్లా క్రిములు ఉండొచ్చు. ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడగాలి. పెట్టెను వంటగదిలో, వుజూ చేసే చోట కడగకూడదు. ఐదేళ్లలోపు పిల్లల్ని, గర్భిణుల్ని దీనికి దూరంగా ఉంచాలి.

పది ఇళ్లు, ఒక డాక్టరు, చల్లని గది, ఇన్వర్టర్: ఈ నాలుగూ ఉన్నాయనుకుంటే జోడీ కలపండి. ఏ ఒక్కటి లేకున్నా ఉన్న ఒక్క గెక్కోని ఇరవై ఏళ్లు చక్కగా చూసుకోండి. ఒంటరిగా ఉందని అది బెంగపడదు, దాని స్వభావమే ఒంటరి బతుకు. పిల్లలకు నేర్పాల్సిన బాధ్యత ఆ ఒక్కదానితోనే వస్తుంది, ఇన్షా అల్లాహ్.