సున్నుండల లెక్క

కిందటి దీపావళి అయ్యాక మావారు అడిగిన ఒక్క ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. "ఇంతకీ నీకు ఎంత మిగిలింది?"

ఆ వారమంతా రాత్రి ఒంటిగంట దాకా సున్నుండలు చుట్టాను. ఆర్డర్లు వస్తున్నాయి, డబ్బులూ వస్తున్నాయి. మిగిలేదెంతో మాత్రం తెలీదు. హెచ్-4 వీసా మీద ఏళ్ళ తరబడి ఇంట్లో ఉండి, వర్క్ పర్మిట్ వచ్చాక మొదలుపెట్టిన పని ఇది. అలిసిపోయి మానేద్దామా అనిపించింది. కానీ లెక్క తెలియకుండా మానేయడానికి మనసొప్పలేదు.

అప్పుడు ఎమ్మెస్సీలో చదివిన కెమిస్ట్రీ గుర్తొచ్చింది. ఒక రసాయన చర్య నాలుగైదు మెట్లలో జరిగితే, అన్నిటికన్నా నెమ్మదైన మెట్టే మొత్తం వేగాన్ని నిర్ణయిస్తుంది. మిగతావాటిని ఎంత తొందరపెట్టినా లాభం లేదు. మరి నా వ్యాపారంలో ఆ మెట్టు ఏది?

మా అమ్మాయి నోట్‌బుక్‌లోంచి ఒక కాగితం చింపి ఐదు గళ్ళు గీశాను. సరుకులు కొనడం, మినప్పప్పు వేయించి పొడి కొట్టడం, ఉండలు చుట్టడం, ప్యాకింగ్, డెలివరీ. ఒక వారంపాటు ఏ పనికి ఎంతసేపు పట్టిందో, ఎంత ఖర్చయిందో ఆ గళ్ళలో రాసుకున్నాను.

వారానికి 10 పౌండ్లు అమ్ముతాను. పౌండు 15 డాలర్లు. పప్పు, బెల్లం, నెయ్యికి 6, డబ్బాకీ లేబుల్‌కీ 1 పోగా 8 మిగులుతుంది. 10 పౌండ్లకి 80. కారు గ్యాస్‌కి 10 తీస్తే 70.

ఇక గంటలు. సరుకులకి 1, వేయించి పొడి కొట్టడానికి ఒకటిన్నర, చుట్టడానికి ఒకటిన్నర, ప్యాకింగ్‌కి 1, ఇంటింటికీ ఇచ్చి రావడానికి 5. మొత్తం 10. అంటే గంటకి 7 డాలర్లు! ఇక్కడ ఫెడరల్ కనీస వేతనమే 7.25. నాకు నేను అంతకన్నా తక్కువ ఇచ్చుకుంటున్నాను.

అప్పటిదాకా పెద్ద గ్రైండర్ కొనాలనుకుంటున్నాను. అది కొన్నా కలిసొచ్చేది మహా అయితే అరగంట. నన్ను తినేస్తున్నది డెలివరీ.

ఇలాంటి కాగితంతో ఉన్న సుఖం, చేసి చూడకముందే "ఇలా చేస్తే?" అని అడగొచ్చు. శనివారం పొద్దున మా ఇంటికే వచ్చి తీసుకెళ్ళమంటే? 5 గంటలు 1 అవుతుంది, గ్యాస్ ఖర్చు ఉండదు. 80ని 6తో భాగిస్తే గంటకి 13 దాటుతుంది. దూరమని కొందరు మానేసి 2 పౌండ్లు తగ్గినా 64 వస్తుంది, గంటకి పదిన్నర పైనే. ధైర్యం వచ్చి అందరికీ చెప్పేశాను. నెల తర్వాత చూస్తే మానేసింది ఒక్కరే.

మీరూ గీసి చూడండి. పొడులైనా, బ్లౌజులు కుట్టడమైనా, ట్యూషన్లైనా సరే. ఏ అంకె మారితే మీ నిర్ణయం మారుతుందో అదే రాయండి. గళ్ళు ఎక్కువైతే కాగితం పక్కన పడేస్తాం. నెలకోసారి అసలు లెక్కతో పోల్చి దిద్దుకోండి. నేను మొదట పన్ను మర్చిపోయాను. సొంత పని మీద నికర ఆదాయం ఏడాదికి 400 డాలర్లు చేరితే సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ ట్యాక్స్ ఉంటుంది. ఆ గడి తర్వాత చేర్చాను.

అన్నిటికన్నా ముందు రెండు విషయాలు చూసుకోండి. హెచ్-4 వాళ్ళలో 2015 నుంచి కొందరికే వర్క్ పర్మిట్ అవకాశం ఉంది, అది చేతికి రాకుండా మొదలుపెట్టకండి. ఇంట్లో వండి అమ్మే నియమాలు ఒక్కో రాష్ట్రానిది ఒక్కో రకం. పొడి పిండివంటలకి ఒప్పుకున్న చోట ఊరగాయలకి ఒప్పుకోకపోవచ్చు.

అన్నట్టు, కారు నడపలేని పిన్నిగారు ఒకరున్నారు. ఆవిడకి మాత్రం ఇప్పటికీ నేనే తీసుకెళ్ళి ఇచ్చి, కాఫీ తాగి వస్తాను. ఆ అరగంటని ఏ గడిలోనూ రాయలేదు.