ఉష్ణగతికశాస్త్రమున మూడు మూలపాఠములు

హైదరాబాదునందు ఉస్మానియా విశ్వవిద్యాలయము 1918వ సంవత్సరమున స్థాపింపబడెను. దాని ఇంజనీరింగు కళాశాల 1929లో వెలసెను. ఆ దినములలో అచ్చట శాస్త్రములన్నియు ఉర్దూభాషలోనే బోధింపబడెడివి; పాఠ్యగ్రంథములకై 1917లోనే అనువాదశాఖ యొకటి నెలకొల్పబడెను. 1948 తరువాత ఆంగ్లము బోధనాభాష యయ్యెను. దేశభాషలో యంత్రశాస్త్రము నేర్వ వీలులేదను వారికి ఆ కళాశాల చరిత్రయే ప్రత్యుత్తరము.

నేడు తెలుగు పాఠశాలలో చదివి, తార్నాకమీదుగా ఆ ప్రాంగణమునకు బోవు విద్యార్థి పెక్కుసారులు ఉష్ణగతికశాస్త్రము పేరు వినగానే జంకుచున్నాడు. భావము బోధపడకమునుపే సూత్రములు కంఠస్థము చేయుట యీ భయమునకు కారణము. ఈ క్రింది మూడు పాఠములను మాతృభాషలో గ్రహించిన యెడల తక్కినది సులభమగును.

మొదటిది హద్దు. రైతు గట్టు చూచుకొని పొలము లెక్కించునట్లు, మనమును దేనిని గూర్చి విచారించుచున్నామో దానిచుట్టు ఒక హద్దు గీయవలెను. లోపలిది వ్యవస్థ, వెలుపలివి పరిసరములు. మూత గట్టిగా బిగించిన పాత్రలోనికి ఉష్ణము ప్రవేశించును గాని పదార్థము హద్దు దాటదు. ఆవిరి పోవుచున్న అన్నపుగిన్నెలో రెండును దాటును. ఈ భేదము తెలియక మొదలిడిన లెక్క తుదకు తప్పును.

రెండవది జమాఖర్చు. లోనికి వచ్చిన ఉష్ణములో వెలుపలికి పోయిన పనిని తీసివేయగా, మిగిలినది అంతర్గతశక్తియై లోపల నిలుచును. సైకిలు పంపుతో గాలి కొట్టునపుడు పంపు అడుగు వేడెక్కుటను మీరెరుగుదురు. అచ్చట నిప్పు లేదు. మన చేతిపనియే గాలిలో జమయైనది. జేమ్స్ జౌల్ అను ఆంగ్లేయుడు 1840 దశకమున, దిగుచున్న బరువులచే నీటిలో తెడ్లు త్రిప్పించి, ఈ మారకమును కొలిచెను. ఒక కిలోగ్రాము నీటిని ఒక్క సెంటీగ్రేడు డిగ్రీ వేడిచేయు శక్తి, ఆ నీటినే సుమారు 427 మీటర్ల యెత్తునకు లేపగలదు. అది చార్మినారునకు ఏడు రెట్లకు మించిన యెత్తు!

మూడవది దిశ. వేడి అన్నము తనంతట చల్లారును. చల్లారిన యన్నము తనంతట వేడెక్కదు. జమాఖర్చు మాత్రమే చూచిన యెడల రెండవదియు సాధ్యమే. కావున మరియొక నియమము కావలసివచ్చెను. ఫ్రాన్సు దేశస్థుడగు సాది కార్నో 1824లో దానికి దారి చూపెను. ఉష్ణమునుండి పని రాబట్టు యంత్రమునకు వేడిచోటు ఒకటి, చల్లనిచోటు ఒకటి యుండవలెను. ఆ రెంటి ఉష్ణోగ్రతలే దక్షతకు పరిమితిని విధించును.

ఒక లెక్క చూడుడు. వేడిచోటు 200 డిగ్రీలు, చల్లనిచోటు 30 డిగ్రీలు అనుకొందము. విద్యార్థి తొందరపడి 170ని 200చే భాగించి, నూటికి 85 పాళ్లు పని వచ్చునని వ్రాయును. అది తప్పు. 273 కలిపి పరమ ఉష్ణోగ్రతలుగా మార్చవలెను: 473, 303. భేదమైన 170ని 473చే భాగింపగా నూటికి 36 పాళ్లే వచ్చును. ఎంతటి నిపుణుడు నిర్మించిన యంత్రమైనను ఈ హద్దు దాటదు.

తక్కిన 64 పాళ్లును ప్రకృతి విధించిన సుంకము. కొత్తగూడెము ఉష్ణవిద్యుత్కేంద్రపు శీతలగోపురములు ఆ సుంకము చెల్లించు స్థానములే. అయితే నిజమైన యంత్రములు 36 పాళ్లైన నీయవు. రాపిడివలనను, ఆవిరి కారుటవలనను మరికొంత నష్టపడును. ఈ రెండవ నష్టము మన బాధ్యత. అనివార్యమైన దానికి వగవక, నివారింపదగిన దానిని ఉపేక్షింపక యుండుట యీ శాస్త్రము నేర్పు వివేకము. వృథాయగు ప్రతి పాలును గనిలో శ్రమించి త్రవ్వి తీసిన బొగ్గే గదా!

1944లో పరిశోధనాలయముగా మొదలై, నేడు తార్నాకలో భారతీయ రసాయన సాంకేతిక సంస్థగా నున్న చోటను, రసాయనిక క్రియలో పుట్టు వేడిని లెక్కించుటకు ఈ పాఠములే ఆధారము. కావున విద్యార్థులారా, ఆంగ్లపదములకు వెరవకుడు. అవి అభ్యాసముచే వచ్చును. లెక్క యెదుట పడినపుడు మొదట హద్దు గీయుడు, పిదప జమాఖర్చు వ్రాయుడు, తుదకు దిశ విచారింపుడు. సూత్రము దానంతట అదియే మీ కలమునకు వచ్చును.