వయస్సు దాచిన బిడ్డ: పూచీ యెవ్వరిది?



మన గ్రామములందు పిల్లవానికి వయస్సును గూర్చి మొదటి యబద్ధమును నేర్పువారెవ్వరో మీ రెఱుగుదురు. బస్సు ఎక్కుటకు ముందు "కండక్టరు అడిగినచో ఐదేండ్లు నిండలేదని చెప్పు" మని చెవిలో నూదునది తల్లియో తాతయో యగుచుండును. నన్ను బడిలో చేర్చిన దినమున ఉపాధ్యాయులవారు మా నాయనగారిని తేదీ యడుగనే లేదు. కుడిచేయి తలమీదుగా పోనిచ్చి యెడమచెవి నందుకొనుమనిరి, అందుకొంటిని, ఐదేండ్లు నిండినవని నిశ్చయించి జూలై ఒకటవ తేదీని నా జన్మదినముగా వ్రాసికొనిరి. ఆ తేదీతోనే ఉద్యోగము చేసితిని, దానినిబట్టియే విరామమును పొందితిని. ఇట్టి మనము, పదునాలుగేండ్ల మనుమరాలు సెల్‌ఫోనులో తనకు పదునెనిమిదేండ్లని వ్రాసికొన్నదని విని నేడు ఉలికిపడుచున్నాము.

ఆ వ్రాత యెట్లు జరుగునో ముందుగా చెప్పెదను. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ మున్నగువానిలో ప్రవేశింపవలెనన్న పుట్టినతేదీ చెప్పవలెను. పదుమూడేండ్లు నిండనివారిని చేర్చుకొనమని ఆ కంపెనీల నియమము. ఈ పదుమూడు మన పెద్దలు పెట్టినది గాదు, వైద్యులు నిర్ణయించినదియు గాదు. పిల్లల వివరములను గూర్చి అమెరికాలో 1998 లో చేసిన శాసనమునుండి వచ్చినది. చాలకాలము తేదీ నడుగుటయే గాని దానికి రుజువు నడుగు వాడుక లేకుండెను. కావున తోడిపిల్లలందరు అచ్చటనే యున్నారని పిల్లలు ఒక సంవత్సరమును మార్చి వ్రాసి లోపలికి పోయిరి. ఒకరిని మోసగింపవలెనను తలంపు వారిలో పెక్కుమందికి లేదు.

కాని చిక్కు తరువాత వచ్చును. 2021 లో తొమ్మిదేండ్ల బిడ్డ తనకు పదుమూడని వ్రాసెననుకొనుడు. 2026 నాటికి ఆ ఖాతాకు పదునెనిమిదేండ్లు నిండును; బిడ్డకు పదునాలుగే. పిల్లలకొఱకు కట్టిన అడ్డుగోడలు ఆ ఖాతాకు తొలగిపోవచ్చును. ఆ దినమున బిడ్డ క్రొత్తగా నేమియు బొంకలేదు. పాత బొంకే బిడ్డకంటె ముందుగా పెరిగి పెద్దదైనది. ఇక నెవ్వడో పరాయి మనుష్యుడు అచ్చట కనబడి మాటలు కలిపి, పిమ్మట పట్టుబడినప్పుడు, "ఆ పిల్ల తనకు పదునెనిమిదని చెప్పినది, నా తప్పేమి?" అనును. ఈ ప్రశ్నకు న్యాయస్థానములు ఫోనులు పుట్టక మునుపే సమాధానములు వెదకినవి.

కలకత్తాలో ధర్మదాసు ఘోషు అను మైనరు 1895 జూలై 20 వ తేదీన తన యిండ్లను ఒక వడ్డీవ్యాపారికి 20,000 రూపాయలకు తాకట్టుపెట్టెను. తాను మేజరునని కాగితముమీద వ్రాసి సంతకమును చేసెను. అయితే ఆ పిల్లవాడు మైనరని అతని తల్లి పక్షమున నొక జాబు వ్యాపారి న్యాయవాదికి అంతకుముందే చేరియుండెను. వ్యాజ్యెము లండనులోని ప్రీవీకౌన్సిలు దాక పోయెను. 1903 లో ఆ న్యాయాధిపతులు, మైనరు చేసిన ఒప్పందము మొదటినుండియు చెల్లదనిరి. నిజము తెలిసినవాడు తాను మోసపోతినని చెప్పజాలడనియు నిర్ణయించిరి. పిల్లవానిచేత వ్రాయించుకొన్న కాగితము వ్యాపారిని కాపాడలేదు. అంతర్జాలములోను ఇట్టి వ్యాపారులున్నారు. పిల్ల మాటతీరు చూచి వయస్సును గ్రహించియు, "నీకు పదునెనిమిదని ఒకసారి వ్రాసి పంపు" మని ముందుజాగ్రత్త పడువాడు నిజమును కోరుట లేదు, తనకొక రసీదును సిద్ధము చేసికొనుచున్నాడు.

నిజముగా నమ్మినవాని మాట యేమి? ఇది యంత సులభము గాదు. ఇంగ్లండులో ప్రిన్సు అను నొకడు పదునాలుగేండ్ల బాలికను తండ్రి సంరక్షణనుండి తీసికొనిపోయెను. ఆమె తనకు పదునెనిమిదేండ్లని చెప్పెను. చూపునకును పెద్దదివలె నుండెను. అతడు నమ్ముట సహజమేనని జూరీవారు సయితము ఒప్పుకొనిరి. అయినను 1875 లో పదునాఱుగురు న్యాయమూర్తులలో పదునేనుగురు అతనిది నేరమేయనిరి. ఆ కాఠిన్యము తరువాత ఆ దేశముననే సడలినది. 2003 నాటి వారి శాసనము ప్రకారము, బిడ్డ పదుమూడు నిండి పదునాఱు నిండనిదైనచో, నిందితుని నమ్మకమునకు తగిన కారణముండెనా యని విచారింతురు. పదుమూడు నిండని బిడ్డ విషయమున ఆ సాకు వినరు.

మన దేశమున 2012 లో వచ్చిన పోక్సో చట్టము పదునెనిమిదేండ్లు నిండని బాలురను బాలికలను అందరిని బిడ్డలుగానే యెంచినది. బిడ్డ యొప్పుకొన్నదను మాట అచ్చట చెల్లదు. దురుద్దేశముతో ఫోనుద్వారా బిడ్డను మాటిమాటికి పలుకరించుటయు నేరమే. నేరమునకు దుష్టసంకల్పము ఆవశ్యకమైన చోట, అది నిందితునకు కలదనియే న్యాయస్థానము తలంచును. లేదని సందేహమునకు తావులేకుండ రుజువు చేసికొనవలసినవాడు అతడే. "ఆమె చెప్పినది" అను ఆఱక్షరముల సాక్ష్యము ఇందుకు చాలదు. వయస్సు తేల్చుటకు ఫోనులోని తేదీని చూడరు. 2015 నాటి బాలన్యాయ చట్టము ననుసరించి ముందు బడి యిచ్చిన జన్మతేదీపత్రమో పదవతరగతి పత్రమో చూతురు, అవి లేనిచో పురపాలక సంఘమో పంచాయతీయో యిచ్చిన జననపత్రమును, అదియు లేనిచో వైద్యపరీక్షను. చెవి నందుకొన్న లెక్కతో బడిలో ఒక యేడు ఎక్కువ వేయించిన తండ్రి, తన కూతురికి కలిగిన రక్షణలో ఒక యేటిని తానే కోసివేసినవాడగును.

పందొమ్మిదేండ్ల కుఱ్ఱవాడు పదునేడేండ్ల పిల్ల మాట నమ్మి చిక్కుకొన్న సందర్భములందు నాకును జాలి కలుగును. నలుబదియేండ్లవాడు అదే మాట చెప్పినప్పుడు కలుగదు. లోకము తెలిసినవాడు, ముక్కుమొగము తెలియని పిల్లతో రాత్రివేళ రహస్యముగా మాటలాడవలసిన యగత్యమేమి? తప్పు వేఱు, పూచీ వేఱు. బొంకుట బిడ్డ తప్పు. దానిని ఇంటిలో దిద్దవలెను. ఆ బొంకు చాటున జరిగినదానికి పూచీ పెద్దవానిది. తలుపు వేయక వదలిన కంపెనీకిని అందులో పాలు కలదు. ఆస్ట్రేలియాలో 2025 డిసెంబరు 10 నుండి పదునాఱేండ్లు నిండనివారికి ఇట్టి ఖాతాలు ఉండరాదని శాసించినప్పుడు, జరిమానా కంపెనీలకే విధించిరి. పిల్లలకు గాని తల్లిదండ్రులకు గాని విధింపలేదు. మన 2023 నాటి వ్యక్తిగత సమాచార చట్టమును బిడ్డల వివరములు తీసికొనుటకు తల్లిదండ్రుల సమ్మతిని రుజువుతో పొందవలసిన భారమును కంపెనీలమీదనే పెట్టినది.

ఇట్టి సంగతి యేదైన బయటపడినప్పుడు ఊరిపెద్దలు రచ్చబండకడ కూర్చుండి, "పిల్లయే వయస్సు దాచినది గదా" యని సొమ్ముతో సరిపుచ్చుటయో, వానికే ఇచ్చి పెండ్లి చేయుటయో కలదు. రెండును కూడదు. నేరము జరిగినదని తెలిసినవారెల్లరు పోలీసులకు తెలుపవలెనని పోక్సో చట్టము శాసించుచున్నది. తెలుపనివారికి ఆరుమాసముల వఱకు కారాగారమో, జరిమానాయో, రెండునో కలుగవచ్చును. తెలుపలేదని బిడ్డను మాత్రము శిక్షింపరు. పదునెనిమిది నిండని పిల్లకు పెండ్లి చేయుట 2006 నాటి చట్టము ప్రకారము మఱియొక నేరము. దిక్కుతోచనప్పుడు 1098 అను సంఖ్యకు ఫోను చేసినచో బిడ్డల సహాయమునకు మనుష్యులు పలుకుదురు.

ఒక్క సంగతి మిగిలినది. ఇట్టి దుర్మార్గునికి బిడ్డమీద పట్టు నిచ్చునది తఱచుగా ఆ బిడ్డ చెప్పిన బొంకే. "వయస్సు దాచితివని మీ నాన్నకు చెప్పుదును" అని బెదరించి తన పనులు చేయించుకొనును. ఇంటిలో దెబ్బల భయ మెంత హెచ్చైన, వాని పట్టు అంత బిగియును. కావున ఈ సాయంకాలము మీ మనుమలను దగ్గఱ కూర్చుండబెట్టుకొని, ఫోనులో పుట్టిన సంవత్సరము ఏమని వ్రాసినారో కోపము లేకుండ అడుగుడు. తప్పుగా నున్నచో ఆ పిల్లలచేతనే దిద్దింపుడు. బస్సు కండక్టరుతో మనము చెప్పించిన మాటయు అప్పుడే ఒప్పుకొన్నచో, వారు మిగిలిన సంగతులు సయితము మనకు చెప్పుదురు.