తెలుగు వంటింటి పనిముట్లు – ఉపోత్పత్తుల పేర్లు: పొదుపు వంటలో భాష పాత్ర

వ్యాససంగ్రహం:

సంప్రదాయ తెలుగు వంటింట్లో ప్రతి పనిముట్టూ ఒక పదార్థాన్ని రెండు మూడు భాగాలుగా విడదీస్తుంది. విడిపోయిన ప్రతి భాగానికీ భాషలో ఒక పేరుంది, ఇంట్లో ఒక వినియోగం ఉంది. పనిముట్టు మారినప్పుడు ఉపోత్పత్తి కనుమరుగవుతుంది. దానితోపాటు పదమూ, ఆ పదం మోస్తున్న పొదుపు జ్ఞానమూ మరుగున పడుతున్నాయి. రోలు, చేట, గంజి వార్చే కుండ, కత్తిపీట, కవ్వం ఆధారంగా ఈ సంబంధాన్ని వివరించడం, వంటింటి పదజాల సేకరణ ఎలా ఉండాలో సూచించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: వంటింటి పనిముట్లు, ఉపోత్పత్తి, పొదుపు, గంజి, అత్తెసరు, కుడితి, వృత్తిపదజాలం, నుడికారం.

1. ఉపోద్ఘాతం:

పొదుపు వంట అనగానే తక్కువ ఖర్చుతో వండుకోవడం అనే అర్థం స్ఫురిస్తుంది. తెలుగువారి గృహ జీవితంలో పొదుపు అంతకంటే విస్తృతమైన భావన. తెచ్చుకున్న పదార్థంలో ఏ భాగమూ వృథా కాకుండా చూడటం దాని సారం. ఈ పనిలో స్త్రీలకు తోడ్పడినవి రెండు. ఒకటి పనిముట్టు, రెండవది పదం. పనిముట్టు పదార్థాన్ని విడదీస్తే, పదం ఆ భాగాన్ని గుర్తుపెట్టుకుంటుంది. పేరున్న వస్తువును పారవేయడం అంత సులువు కాదు. ‘చెత్త’ అనే ఒక్క మాటతో సరిపెట్టని భాష, మిగిలినదాన్ని కూడా వస్తువుగానే చూస్తుంది.

2. రోలు, చేట, తిరగలి – విడదీసే పనిముట్లు:

వడ్లు దంచి బియ్యం చేసుకునే ప్రక్రియలో రోలు, రోకలి, చేట, జల్లెడ వరుసగా పాల్గొంటాయి. రోకటిపోటుతో పై పొర ఊడిపోతుంది; అది ఊక. ఊక తొలగిన ముడిబియ్యాన్ని మళ్ళీ దంచితే గింజను అంటుకున్న సన్నని పొర పొడిగా రాలుతుంది, అది తవుడు. ఊక ముక్కలతో కలగలిసిన ముతక తవుడు చిట్టు. దంపుడులో విరిగిన గింజలు నూకలు. ఒక్క ధాన్యపు గింజ నుంచి బియ్యం కాక ఇన్ని పదార్థాలు వెలువడతాయి.

వీటిని వేరుచేసే క్రియలకూ భాషలో సూక్ష్మభేదాలున్నాయి. చేటతో ఎగరవేసి తేలికైనదాన్ని పోగొట్టడం చెరగడం. జల్లెడ కన్నాల ద్వారా సన్నదాన్ని దింపడం జల్లించడం. నీటిలో ఆడించి రాళ్ళను అడుగున నిలిపివేయడం గాలించడం. చేత్తో ఒక్కొక్కటిగా తీయడం ఏరడం. బరువు, పరిమాణం, నీటిలో మునిగే గుణం, కంటికి కనిపించే తేడా అనే నాలుగు వేర్వేరు సూత్రాలు ఈ నాలుగు క్రియలలో ఉన్నాయి.

విడిపోయిన ప్రతిదానికీ గమ్యం ఉంది. ఊక పొయ్యికి, ఇటుక బట్టీకి ఇంధనం. తవుడు, చిట్టు పశువుల మేత. నూకలు ఉప్మాకో, రాయలసీమలో రాగి సంకటికో చేరతాయి. తిరగలిలో (తెలంగాణలో ఇసుర్రాయి) కందులు, పెసలు విసిరితే బద్దలు పప్పుగా, పొట్టు దాణాగా, విరిగినవి పప్పు నూకగా విడిపోతాయి. నేటికీ దుకాణాల్లో వినిపించే ‘చాయపప్పు’, ‘పొట్టుపప్పు’ అనే మాటలు ఈ విభజనకు మిగిలిన ఆనవాళ్ళు.

బియ్యపు మిల్లులు వచ్చాక తవుడు వృథా అయిందనడం సరికాదు. అది నేడు కర్మాగారాలకు చేరి, తవుడు నూనెగా ప్యాకెట్లలో ఇంటికి తిరిగి వస్తోంది. అంటే ఉపోత్పత్తి నశించలేదు. దానిపై ఇంటికున్న అధికారం పోయింది. ఒకప్పుడు ఇంట్లో మిగిలినదాన్నే ఇప్పుడు వెల ఇచ్చి కొనుక్కోవలసి వస్తోంది. మరపట్టి బాగా తెల్లబరచిన బియ్యం వాడకం పెరిగినప్పుడు, తవుడుతోపాటు అందులోని బి1 విటమిన్ కూడా ఆహారం నుంచి తొలగిపోయింది. 20వ శతాబ్ది తొలి దశాబ్దాల్లో ఉత్తర సర్కారు జిల్లాలు బెరిబెరి వ్యాధి పీడిత ప్రాంతాలుగా గుర్తింపు పొందడం ఈ సందర్భంలో గమనార్హం.

3. పొయ్యి మీది పొదుపు – గంజి, అత్తెసరు, కట్టు:

అన్నం వండటానికి తెలుగువారికి ప్రధానంగా రెండు పద్ధతులున్నాయి. ఎక్కువ నీటిలో ఉడికించి, మూత అడ్డుపెట్టి నీటిని వంపడం మొదటిది. దీన్ని ‘వార్చడం’ అంటారు. సరిపడా నీరు మాత్రమే పోసి, వార్చకుండా ఇగరనివ్వడం రెండవది, ఇదే ‘అత్తెసరు’. వార్చిన అన్నం గంజినిస్తుంది, అత్తెసరు ఇవ్వదు.

గంజి వినియోగాలు అనేకం. ఉప్పు వేసుకుని తాగడం, నూలు బట్టలకు పెట్టడం, పశువుల కుడితిలో కలపడం వాటిలో ముఖ్యమైనవి. ఉడికేటప్పుడు నీటిలో కరిగిన పోషకాల్లో కొంత భాగం గంజిలో ఉంటుంది కనుక, గంజి తాగడం పోగొట్టుకున్నదాన్ని తిరిగి పొందడమే. పులియబెట్టిన గంజినీటిలో అన్నాన్ని నిలవచేసే తరవాణి కుండ, రాత్రి మిగిలిన అన్నాన్ని ఉదయపు భోజనంగా మార్చింది. శీతలీకరణ యంత్రం లేని కాలంలో పులుపే నిలవకు సాధనం.

ప్రెషర్ కుక్కర్‌లో ఆవిరి ఒత్తిడి వల్ల నీరు సుమారు 120 డిగ్రీల సెల్సియస్ వద్ద మరుగుతుంది. వంటకాలం తగ్గి ఇంధనం ఆదా అవుతుంది. అయితే అందులో వండేది సాధారణంగా అత్తెసరు అన్నమే. ఇంధనం మిగిల్చిన పరికరమే గంజిని లేకుండా చేసింది. ఇక్కడ పొదుపు పోలేదు, స్వరూపం మార్చుకుంది. ఏ పరికరం పొదుపైనదని నిర్ణయించేటప్పుడు అది ఆదా చేసినదాన్నే కాక, అది పుట్టనివ్వని పదార్థాన్నీ లెక్కలోకి తీసుకోవాలి.

పప్పు ఉడికించిన నీటి పైతేటకు ‘కట్టు’ అని పేరు. బొబ్బట్లకు శనగపప్పు ఉడికించినప్పుడు వంచిన కట్టు, చింతపండు పులుసుతో కలిసి కట్టుచారు అవుతుంది. పశువులకు పెట్టడానికి ఉడికించిన ఉలవల నీటిని చిక్కగా కాచినదే ఉలవచారు. గింజ పశువుకు, సారం మనిషికి దక్కిన ఈ వంటకం నేడు విందు భోజనాల్లో ప్రత్యేక స్థానం పొందింది. ఉపోత్పత్తి ప్రధాన వంటకంగా ఎదిగిన తీరుకు ఇది చక్కని ఉదాహరణ.

4. కత్తిపీట, కవ్వం, రోటి అడుగు:

కత్తిపీట మీద కూరగాయ తరిగినప్పుడు తొక్క, పొట్టు, గింజలు విడివడతాయి. బీరకాయ పొట్టు పచ్చడి, ఆనపకాయ తొక్కల పచ్చడి ఈ మిగుళ్ళ నుంచి పుట్టినవే. అరటి గెల కోశాక మిగిలిన బోదెలోని దవ్వ కూడా కూరకు పనికివస్తుంది. కవ్వం పెరుగును వెన్నగా, మజ్జిగగా విడదీస్తుంది. వెన్న కాస్తే నెయ్యి, అడుగున గసి. పులిసిన మజ్జిగ మజ్జిగపులుసుకో, ఊరమిరపకాయలకో చేరుతుంది. పచ్చడి తీసిన రోట్లో అన్నం కలుపుకుని తినడం రుచితోపాటు రోటిని తుడిచే పని కూడా. పులుసు తీసిన చింతపండు పిప్పి, దాని పులుపు వల్ల, ఇత్తడి, రాగి పాత్రల మకిలిని వదిలిస్తుంది. పొయ్యిలోని బూడిద అంట్లు తోమటానికి పనికివస్తుంది. ఎక్కడా చేరని తొక్కలు, కడుగునీళ్ళు చివరికి కుడితి తొట్టికి చేరి పాలుగా తిరిగి వస్తాయి.

5. నుడికారంలో మిగిలినవి:

పనిముట్టు పోయినా పదం కొన్నిసార్లు నుడికారంలో తలదాచుకుంటుంది. ‘అత్తెసరు మార్కులు’ అనే విద్యార్థికి అత్తెసరు అన్నం తెలియకపోవచ్చు. సరిపోయీ సరిపోని కొలత అనే భావం మాత్రం అతనికి అందింది. ‘ఊకదంపుడు ఉపన్యాసం’లో బియ్యం రాని దంపుడు శ్రమ, ‘నూకలు చెల్లిపోవడం’లో ఆయువును గింజలతో కొలిచే ఊహ, ‘కుడితిలో పడ్డ ఎలుక’లో తొట్టి దృశ్యం నిలిచి ఉన్నాయి. అయితే చిట్టు, గసి, కట్టు వంటివి ఇంత ప్రసిద్ధమైన నుడికారాల్లో చేరలేదు. వాడుక తగ్గితే వాటిని కాపాడే ఆశ్రయం భాషలో లేదు. సేకరణ తొందరగా జరగవలసింది ఇటువంటి పదాల విషయంలోనే.

6. పొదుపా, లేమా?

ఈ వ్యవస్థను కేవలం ప్రశంసిస్తే సత్యం సగమే చెప్పినట్లవుతుంది. దంచడం, విసరడం, చెరగడం గంటల తరబడి సాగే కఠిన శ్రమ. ఆ శ్రమ చేసినవారు అధికంగా స్త్రీలు. ఇంటిపనిగా అయితే దానికి కూలి లేదు. వస్తువులో ఆదా అయినది వారి శరీరంలో ఖర్చయింది. అలాగే ఒక ఇంట్లో కుడితిలో పోసిన గంజే మరో ఇంట్లో పూట గడిపే ఆహారం. మొదటి ఇంటికి అది పొదుపు, రెండవ ఇంటికి లేమి. పదం ఒకటే అయినా అది పలికిన ఇంటిని బట్టి అర్థం మారింది. అందువల్ల ఈ పదాలను సేకరించే పరిశోధకులు పదానికి అర్థం రాసుకుంటే చాలదు. ఎవరి ఇంట్లో, ఎవరి చేతిలో అది వాడుకలో ఉందో కూడా నమోదు చేయాలి.

7. ముగింపు:

భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం వ్యవసాయ పదజాలాన్ని క్షేత్రస్థాయిలో సేకరించే మార్గం చూపింది. ఆదాయం తెచ్చే పనినే వృత్తిగా భావించే అలవాటు వల్ల ఇంటి వంట సాధారణంగా ఆ పరిధికి వెలుపల నిలుస్తుంది. ఆ మార్గాన్నే వంటింటికీ అన్వయించవలసి ఉంది.

ఈ పరిశీలన నుంచి మూడు అంశాలు తేలుతున్నాయి.

1. వంటింటి పదసేకరణలో పనిముట్టు పేరుతో ఆగకుండా, దాని క్రియ, అది విడదీసే ఉపోత్పత్తులు, వాటి గమ్యం అనే నాలుగంచెలనూ కలిపి నమోదు చేయాలి.
2. పొదుపు ఒక్క పరికరపు గుణం కాదు. పొయ్యి, పశువు, బట్ట, మనిషి కలిసిన వలయంలో అది నెలకొని ఉంటుంది. ఇంటి నుంచి పశువు తొలగినప్పుడే కుడితికి గమ్యం పోయింది.
3. ఈ పదాలు చెప్పగలిగినవారు ఎక్కువగా వృద్ధ స్త్రీలు. కళాశాల తెలుగు విభాగాలు విద్యార్థుల క్షేత్రపర్యటన ప్రాజెక్టులుగా, ముందుగా వారి ఇళ్ళ నుంచే ఈ సేకరణ ప్రారంభించడం సాధ్యమైన, తక్షణం అవసరమైన పని.