బొంగు చికెన్ హలాలేనా?

ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం దాదాపు 120 కిలోమీటర్లు. ఒకప్పుడు ఈ దారిన బయలుదేరే ముస్లిం కుటుంబాలు రొట్టెలు, ఖీమా టిఫిన్ డబ్బాలో సర్దుకునేవి. గల్లాపెట్టె పైన ‘786’ రాసి ఉన్న హోటల్ కనిపిస్తేనే మాంసం ముట్టేవారు. లేదంటే చాయ్, బిస్కెట్లతో సరి. 1965లో భద్రాచలం వద్ద గోదావరిపై వంతెన వచ్చేవరకు ఏరు దాటడానికి పడవే దిక్కు.

ఇప్పుడు అడుగడుగునా హోటళ్ళే. మన వంట కూడా మన ఇళ్ళు దాటి చాలా దూరం వెళ్ళింది. బఘార్ అంటే తాలింపు. ఆ పేరుతోనే మన దస్తర్‌ఖాన్ మీది బగారా అన్నం నేడు తెలంగాణలో ఎవరింటి విందులోనైనా ఉంటోంది. యెమెన్‌లోని హద్రమౌత్ వంటకమైన మందీ, హైదరాబాద్ బార్కస్ అరబ్బుల వీధులు దాటి ఖమ్మం దాకా వచ్చింది. కలిసి తినండి, అందులో శుభం ఉందన్నారు దైవప్రవక్త (స). ఒకే పళ్ళెం చుట్టూ కూర్చోవడం బాగానే ఉంది. సగం అన్నం వదిలేసి లేవడం మాత్రం ఏ సున్నతో!

చిక్కల్లా అడవి దారిలోనే. భద్రాచలం దాటి చింతూరు, మారేడుమిల్లి వైపు వెళితే బొంగు చికెన్ ఘుమఘుమలు. మసాలా పట్టించిన కోడి ముక్కలను పచ్చి వెదురు బొంగులో కూరి, మూతికి ఆకులు దోపి నిప్పుల మీద కాలుస్తారు. నూనె చుక్క ఉండదు. పిల్లలు మారాం చేస్తారు. మరి కోడిని కోసింది ఎవరు?

అల్లాహ్ పేరు స్మరించని దాన్ని తినవద్దని దివ్య ఖురాన్ (6:121) ఆదేశం. “బిస్మిల్లాహ్ అనుకుని తింటే చాలదా?” అని కొందరంటారు. హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖించిన హదీసును చూపుతారు. కానీ అందులోని మాంసం తెచ్చినవారు కొత్తగా ఇస్లాం స్వీకరించినవారు. అంటే కోసింది ముస్లింలే. ఎవరు కోశారో తెలియని కోడికి దాన్ని వర్తింపజేయడం సరికాదు.

అలాగని పిల్లల్ని ఏడిపించనక్కరలేదు. భద్రాచలంలోనే జబహ్ చేయించిన కోడిని వెంట తీసుకెళ్ళి, కాల్చి ఇమ్మని కూలి మాట్లాడుకోవచ్చు. బొంగు ప్రతిసారీ కొత్తదే నరుకుతారు కనుక పాత్ర గురించి అనుమానం లేదు. మసాలా కలిపే గిన్నె, కత్తి మాత్రం దగ్గరుండి కడిగించుకోవాలి.