వింతమృగముల పోషణము: అపోహలు – వాస్తవములు

వీడియో ఆటలలో వికృతాకారముతో ఎదురుపడు మృగమేదైనను వధింపబడుటకే పుట్టినదను భావము, ఆ ఆటల నెరుగని పెద్దలలోనే గాక, వానిని రాత్రింబవళ్లాడు యువకులలో సైతము గాఢముగా నాటుకొని యున్నది. అందుకు కారణము లేకపోలేదు. ఖడ్గధారియైన నాయకుడు, చీకటి గుహ, గుహలో మృగము, మృగము కూలిన పిదప చేజిక్కు ధనము – ఇది దశాబ్దములుగా ఆ ఆటలు నడచిన బాట. అయితే 2006వ సంవత్సరమున జపానులో నింటెండో డీఎస్ యంత్రము కొరకు వెలువడిన ‘రూన్ ఫ్యాక్టరీ’ అను ఆట, 1996లో సూపర్ ఫామికామ్ యంత్రముపై జన్మించిన ‘హార్వెస్ట్ మూన్’ అను వ్యవసాయ క్రీడ యొక్క వంశమున పుట్టి, సేద్యమునకు సాహసమును జోడించి, ఆ పాత బాటనుండి ప్రక్కకు తొలగినది. నెవర్‌ల్యాండ్ సంస్థ నిర్మింపగా మార్వెలస్ సంస్థ ప్రచురించిన ఆ మొదటి ఆటను గూర్చియు, దాని తరువాత వచ్చిన భాగములను గూర్చియు వ్యాపించియున్న అపోహలలో ముఖ్యములైనవానిని ఇచ్చట విచారించెదను.

ఇందు మృగములను చంపుటయే ప్రధానమనునది అన్నిటికంటె పెద్ద అపోహ. ఆటగాని చేతిలో కత్తి యున్నమాట నిజమే. ఆ కత్తి తగిలి మృగము మాయమగుటయు నిజమే. కాని ఈ కథాలోకము నియమము వేరు. ఇందలి మృగములు ‘ఆరంభారణ్యము’ అని చెప్పదగిన వేరొక లోకమునకు చెందినవి. ద్వారములవంటి కొన్ని మార్గముల వెంట అవి మానవులుండు నేలపైకి వచ్చుచుండును. దెబ్బ తిని ఓడినపుడు మరణింపక తమ అరణ్యమునకే మరలిపోవును. అందువలన ఆటగాడు గుహలోనికి పోయి చేయవలసిన మొదటి పని, కనబడిన ప్రాణినెల్ల నరకుట గాక, ఆ ద్వారమును పగులగొట్టి రాకను నిలుపుట. కథాకర్తలు ఈ నియమమును పెట్టుటలో గల ఔచిత్యమును పలువురు గమనింపరు. ఉదయమున కొట్టములో మేత వేసి నిమిరిన జాతి ప్రాణినే మధ్యాహ్నము గుహలో చంపవలసివచ్చిన యెడల ఈ ఆటయందు స్నేహమను మాటకు విలువ యుండెడిది కాదు.

మృగము వేరు, మనుష్యుడు వేరు అను భావము కూడ ఇందు నిలువదు. మూడవ భాగమున నాయకుడైన మైకా బంగారు ఉన్ని గల ‘వూలీ’ అను మృగముగా మారగలడు. అతడుండు షారెన్స్ గ్రామమునకు దూరముగా, ఎడారిలో, యూనివిర్ అను వాడ గలదు. అచ్చటివారు అర్ధమానవులు, అర్ధమృగములు. ఇరు తావులవారును పరస్పరము నమ్మని స్థితిలో, రెండు రక్తములను పంచుకొన్న మైకా అటునిటు తిరుగుచు వైరమును కరిగింపవలసి వచ్చును. నాల్గవ భాగమున ఈ ఆలోచన ఇంకను లోతునకు దిగినది. సెల్ఫియా పట్టణమును కాచు వెంటస్‌విల్ అను డ్రాగన్ (దానిని ప్రజలు దేవతవలె గౌరవింతురు, బాల్యమిత్రమువలె పలుకరింతురు) జీవించుటకై కొందరు మానవులు తమ్ము తాము అర్పించుకొని, మృగరూపములు ధరించి, దీర్ఘనిద్రలో మునిగియుందురు. యోక్మిర్ వనమున ఆటగాడు తొలుదొల్త ఎదిరించు భీకరాకారము విడివడినంతనే అందుండి ఆంబర్ అను చిన్నది మేల్కొని, పట్టణమునకు వచ్చి, పూలకొట్టులో నివసించును. శత్రువని తలచి కత్తి దూసినవాడు, ఆ శత్రువు ఒకరి ప్రాణము నిలుపుటకై తన జీవితము నిచ్చిన త్యాగశీలి యని తెలిసికొనునప్పటి మనఃస్థితిని ఇంత నిరాడంబరముగా కలిగించిన ఆటలు నాకు తెలిసినంతలో అరుదు.

మృగమును మొదట గాయపరచి, బలహీనమైన పిదప పట్టుకొనవలెనను నమ్మిక వేరొక ప్రసిద్ధ క్రీడయైన పోకెమాన్ నుండి సంక్రమించినది. రూన్ ఫ్యాక్టరీలో ఆ పద్ధతి లేదు. మొదటి భాగమున ఆటగాడు ఒక ప్రత్యేకమైన చేతితొడుగు ధరించి మృగమును మాటిమాటికి నిమురవలెను. నాల్గవ భాగమున దానికి నచ్చిన వస్తువును కానుకగా ఈయవలెను. ఒక్కొక్క జాతికి ఒక్కొక్క ప్రీతి. ఇచ్చినది నచ్చినచో మృగము తల మీద హృదయచిహ్నము తోచును, నచ్చనిచో అది మునుపటివలెనే మీదికి దుముకుచుండును. ఆ దెబ్బలను ఓర్చుకొనుచు, ఎదురుదెబ్బ కొట్టక, చేతిలోని కానుకను మరల మరల చాచవలసి యుండును. అత్యుత్సాహముతో కత్తి విసరినచో మృగము అరణ్యమునకు పోవును, స్నేహమునకు గల అవకాశమును దానితో పోవును. మరియు కొట్టములో చోటు లేనిదే ఏ మృగమును రాదు. కథలో ఒకసారి ఎదిరించిన మహామృగములను సైతము పిమ్మట ఇదే మార్గమున చెలికాండ్రను చేసికొనవచ్చును. వానికి తగిన కానుకలు మాత్రము సులభముగా దొరకునవి కావు.

తెచ్చి కట్టివేసిన పిదప ఇక పని లేదనుకొనువారు కొందరు. వీరి కొట్టములు చూడగానే తెలియును. మేతపెట్టె ఖాళీగా నుండును. ప్రాణులు ఆకలితో నుండును. స్నేహస్థాయి నానాటికి సన్నగిల్లుచుండును. ఈ ఆటలో మచ్చిక యనునది ఒక్కసారి గెలిచి పెట్టెలో దాచుకొను పతకము కాదు. ప్రతి ఉదయము మేత వేయుట, బ్రష్షుతో మేను తోముట, కానుక నిచ్చుట అను చిన్న చిన్న పనులచేత నిలుపుకొనవలసిన సంబంధము. దాని ఫలము స్పష్టముగా కానవచ్చును. పాలిచ్చు ‘బఫమూ’, గ్రుడ్లు పెట్టు ‘క్లకడూడిల్’, ఉన్ని నిచ్చు వూలీ – వీని ఉత్పత్తులు చిన్నవి, నడితరమువి, పెద్దవి అని మూడు తరగతులుగా నుండును. ఏ తరగతి లభించునన్నది మీ స్నేహమును బట్టి యుండును. అలవాటు లేని చేయి తగిలిన ఆవు చేపదని మన పల్లెటూళ్ల పాడిరైతుల కెవ్వరును చెప్పనక్కరలేదు. ఆ అనుభవమునే జపాను రూపకర్తలు అంకెలలోనికి తెచ్చినారు.

యుద్ధమునకు తప్ప ఈ మృగములు కొరగావనుటయు పొరపాటే. గుహలలో తోడు వచ్చి పోరాడునవి, వీపు మీద ఎక్కించుకొని పరుగెత్తునవి అందు కొన్ని గలవు. కాని నా దృష్టిలో ఈ ఆట సొగసంతయు పొలములోనే యున్నది. మచ్చికైన మృగమునకు పొలము పని అప్పగించినచో కొన్ని మడులకు నీరు పెట్టును, కొన్ని పంట కోయును. నిన్న గుహలో రంకెలు వేసిన జీవి నేడు ముల్లంగి మడి ప్రక్కన నిలిచి పని చేయుచుండగా చూచినవారికి, ఈ ఆట యేమి చెప్పదలచినదో వేరుగ వివరింపనక్కరలేదు. పని అప్పగించుట పోషణమునకు బదులు కాదనునది మాత్రము మరువరాదు. పస్తుండు ప్రాణి పొలములో నిలువదు.

2013లో నెవర్‌ల్యాండ్ సంస్థ దివాలా తీసినందున ఈ పరంపర అంతటితో ముగిసినదని నేటికిని కొందరు చెప్పుదురు. అది సరికాదు. నాల్గవ భాగము 2019లో స్విచ్ యంత్రము కొరకు తిరిగి వచ్చినది. ఐదవ భాగము 2021లో వెలువడినది. ‘గార్డియన్స్ ఆఫ్ అజుమా’ అను పేర మరియొకటి 2025లో వచ్చినది.

ఈ ఆటలను నూతనముగా ఆరంభింపబూనువారికి నా విన్నప మొక్కటే: కత్తికి పదును పెట్టించుటకు ముందు కొట్టము కట్టించుకొనుడు; మేతపెట్టె నింపుకొనుడు; ఏ జాతికి ఏ వస్తువు ప్రియమో తెలిసికొని, దానిని సంచిలో వేసికొని, ఆ పిదప గుహకు పొండు.